ఒక్కడు ఎంత మొయ్యగలడు?

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 146, క్లీన్ అండ్ జెర్క్‌లో 175, వెరసి 321 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. ఆ పతకం ఎవరిదన్న సందేహం ఎవరికీ రాలేదు. గురువు ఓపిక, ఇంటివాళ్ళ కష్టం వెనక ఎంత ఉన్నా, ఇనుపకడ్డీ నేల విడిచిన ఆ నాలుగు క్షణాల్లో దాని కింద నిలబడింది ఒక్క మనిషే. నాలుగేళ్ళ తర్వాత గ్లాస్గోలో అదే రవికుమార్ 77 కిలోల విభాగంలో 317 కిలోలు ఎత్తి రజతం తెచ్చుకున్నాడు. స్వర్ణం సతీశ్ శివలింగానికి పోయింది, ఎత్తింది 328. పదకొండు కిలోల తేడా, అంతే, వాదన ముగిసింది. ఇదే మన గంజాం జిల్లా చికిటి లాంటి ఊళ్ళో అయిదుగురు బడిపిల్లలు బాస్కెట్‌బాల్ కోర్టులోకి దిగి గెలిచి వచ్చారనుకోండి, వాదన అప్పుడే మొదలవుతుంది. ముప్ఫై పాయింట్లు వేసిన పొడుగువాడి వల్ల గెలిచారా, వాడికి బంతి అందించిన పొట్టివాడి వల్లా, లేక ఎదుటివాళ్ళను కదలనివ్వకుండా కాపుకాసిన మిగతా ముగ్గురి వల్లా? అమెరికాలో ఈ రచ్చబండ చర్చ డెబ్భై ఏళ్ళుగా నడుస్తోంది: సూపర్‌స్టార్ లేని జట్టు ఛాంపియన్ కాగలదా? తెలుగువాళ్ళం మనం ఇదే చర్చను కబడ్డీ వేలంపాట జరిగిన ప్రతిసారీ మొదలుపెడతాం, తెలుగు టైటాన్స్ ఓడిన ప్రతిసారీ మళ్ళీ అందుకుంటాం. రెండు చోట్లా జనం జవాబును ఆటగాడి ఒంట్లోనో, వాడి గుండెలోనో వెతుకుతారు. వెతకాల్సిన చోటు ఆట నియమాల పుస్తకం అని నా వాదన. ఆటలో ఎంత భాగాన్ని ఒక మనిషి చేతికి అప్పగించవచ్చో నియమాలే ముందుగా తేల్చేస్తాయి. సూపర్‌స్టార్ విలువ అందులోంచే పుడుతుంది.

పనులన్నీ ఒక రకం కావు. 1972లో ఐవన్ స్టైనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుంపులు చేసే పనులను వర్గాలుగా విడదీశాడు. ఆయన ఉదాహరణలు మనకెందుకు, మన ఇంటి చుట్టుపక్కలే ఉన్నాయి. చికిటి, సురంగి, జలంతర జమీందారీల రోజుల్లో పల్లకీ మోసిన బోయీలను తలుచుకోండి. నలుగురిలో ముగ్గురు ఎంత వస్తాదులైనా, నాలుగోవాడు కుంటితే పల్లకీ కుంటుతుంది. వేగాన్ని నిర్ణయించేది అందరికంటే బలహీనుడు. రథయాత్రనాడు తాడు లాగడం వేరు. అక్కడ ఎవరి బలం వారిది, అన్నీ కలుస్తాయి, ఒకడు వదిలేసినా రథం ఆగదు. మూడోది మన గంజాం జిల్లా సొత్తయిన ప్రహ్లాద నాటకం. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుమీద ప్రసిద్ధమైన ఆ ఆటలో మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ రాత్రంతా రాజ్యమేలుతాడు. ద్వారపాలకుడు రెండు అడుగులు తప్పేస్తే ఎవరూ పట్టించుకోరు. హిరణ్యకశిపుడు తేలిపోతే ఆట తేలిపోయినట్టే. అంటే బలహీనుడు శాసించే పనులున్నాయి, అందరి బలమూ కూడుకునే పనులున్నాయి, మేటివాడు శాసించే పనులూ ఉన్నాయి. అయితే ఆ నాటకంలో కూడా పాటతో ఆటను నడిపే గాహకుడు గొంతు అందుకోకపోతే హిరణ్యకశిపుడికి ఆడటానికి ఏమీ ఉండదు. ఈ చిన్న మెలికను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తాడు లాగడంలోనూ లెక్క అనుకున్నంత సాఫీగా ఉండదు. మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత బరువులు లాగించి కొలిచాడు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే, విడివిడిగా లాగినప్పటి బలాల మొత్తంలో సగమే తేలింది. కొంత నష్టం అందరూ ఒకే క్షణాన లాగలేకపోవడం వల్ల, కొంత నష్టం పక్కవాడు లాగుతున్నాడులే అన్న ధీమా వల్ల. కనుక జట్టు బలం అంటే ఆటగాళ్ళ బలాల కూడిక అని ఎవరైనా అంటే నమ్మకండి. ఫుట్‌బాల్ గురించి క్రిస్ ఆండర్సన్, డేవిడ్ సాలీ 2013లో రాసిన పుస్తకంలో ఆ ఆట పల్లకీ వైపు మొగ్గుతుందని వాదించారు. పదకొండు మందిలో మేటివాడిని మరింత మేటిగా చేయడం కంటే, అందరికంటే నాసివాడిని మార్చుకోవడం లాభమట. గోల్స్ అరుదుగా పడే ఆటలో ఒక్క తప్పు మ్యాచ్‌ను మింగేస్తుంది కనుక ఆ మాట నమ్మదగ్గదే అనిపిస్తుంది. బాస్కెట్‌బాల్ మరి?

లెక్క వేద్దాం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టు మీద అయిదుగురు. జట్టు మొత్తానికి 240 ఆటగాడి-నిమిషాలు. పెద్ద మ్యాచ్‌లో మేటి ఆటగాడు 36 నుంచి 40 నిమిషాలు ఆడతాడు, అంటే మ్యాచ్‌లో అయిదింట నాలుగు వంతులు కోర్టు మీదే ఉంటాడు. జట్టుకు సుమారు వందసార్లు బంతి దక్కుతుంది. మేటివాడు కోర్టు మీద ఉన్నంతసేపు ప్రతి మూడింటిలో ఒకటి దాకా అతని చేతిలోనే తేలుతుంది. బుట్టలో వేస్తాడు, తప్పుతాడు, లేదా పోగొట్టుకుంటాడు. క్రికెట్‌లో వన్డే బౌలర్‌కు యాభైలో పది ఓవర్లకు మించి ఇవ్వరు, బ్యాటర్ ఒక్క బంతికి అవుటైతే ఆ రోజుకు అతని పని అయిపోయినట్టే. ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్‌కు బంతి అందేదాకా ఎదురుచూపే. బాస్కెట్‌బాల్‌లో మాత్రం కోచ్ తలుచుకుంటే ప్రతిసారీ బంతిని అదే మనిషి చేతిలో పెట్టవచ్చు. అతను తప్పినా మళ్ళీ పెట్టవచ్చు. అవుటై పోవడం అన్నది లేదు. ఆరు ఫౌళ్ళు చేస్తేనో, దురుసుగా ప్రవర్తిస్తేనో తప్ప బయటికి పంపే నియమం లేదు. దాడిలోనూ కాపుదలలోనూ అతనే ఉంటాడు. ఇంత వాటాను ఒక్కడికి కట్టబెట్టే జట్టు ఆట నాకు మరొకటి కనిపించదు. పైగా బుట్ట పది అడుగుల ఎత్తున ఉంది. ఏడడుగులకు దగ్గరగా ఉండి చురుగ్గా కదలగల మనిషి ఏ దేశంలోనైనా అరుదు. ఆర్థికశాస్త్రవేత్త డేవిడ్ బెరి, సహచరులు 2005లో ఈ ఆటలో జట్ల మధ్య అంతరం ఎక్కువగా ఉండటానికి పొడగరుల కొరతే కారణమని చెప్పారు. సరుకు కొరతగా ఉన్న సంతలో, అది దొరికినవాడికి మిగతావాళ్ళు అందుకోలేనంత ఆధిక్యం వస్తుంది.

దీనికి తోడు ఆ లీగ్ ఛాంపియన్‌ను తేల్చే పద్ధతి. ప్లేఆఫ్స్‌లో ఒక్కో ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల సిరీస్, నాలుగు గెలిచినవాడు ముందుకు. ఒక్క మ్యాచ్‌లో గెలిచే అవకాశం నూటికి 60 ఉన్న జట్టు, ఏడింట నాలుగు గెలిచే అవకాశం లెక్కగడితే 71 అవుతుంది. మ్యాచ్ అవకాశం 70 అయితే సిరీస్ అవకాశం 87 దాటుతుంది. చిన్న ఆధిక్యాన్ని ఈ పద్ధతి పెంచి పెద్దది చేస్తుంది. మ్యాచ్‌లో వందసార్లు బంతి దక్కడం కూడా అదే పని చేస్తుంది, అదృష్టానికి తావు తగ్గిస్తుంది. ఒక్క గోల్‌తో తేలే నాకౌట్ ఫుట్‌బాల్‌లో అనామకులు గెలిచినన్ని సార్లు ఇక్కడ గెలవలేరు. సూపర్‌స్టార్ తెచ్చే ఆధిక్యం మ్యాచ్‌కు నాలుగైదు పాయింట్లే అయినా, సీజన్ చివరికి అది కప్పుగా మారే అవకాశం ఎక్కువ.

ఇక చరిత్ర ఏమంటుందో చూద్దాం. కొలతకు ముందే నిర్వచనం కావాలి, లేకపోతే గెలిచినవాడినల్లా సూపర్‌స్టార్ అని పిలిచి, సూపర్‌స్టార్లే గెలుస్తారని చెప్పుకుంటాం. నేను ఎన్‌బీఏ ఏటా ఇచ్చే అత్యంత విలువైన ఆటగాడు, అదే ఎంవీపీ పురస్కారాన్ని గీటురాయిగా తీసుకుంటున్నాను. దానికి ఓట్లు లెక్కించేది లీగ్ మ్యాచ్‌ల ఆట మీద, ఫైనల్స్ ఫలితం మీద కాదు. 1980 నుంచి 2025 దాకా 46 మంది ఛాంపియన్లు తేలారు. అందులో 41 జట్లలో, తన జీవితంలో ముందో తర్వాతో ఎంవీపీ అయిన ఆటగాడు కనీసం ఒకడున్నాడు. లేనివి అయిదే: 1989, 1990, 2004 డెట్రాయిట్ పిస్టన్స్, 2019 టొరంటో రాప్టర్స్, 2024 బోస్టన్ సెల్టిక్స్. నాలుగున్నర దశాబ్దాల్లో ఎంవీపీ అయినవాళ్ళు కొద్దిమందే కనుక ఇది మామూలు సంగతి కాదు. సూపర్‌స్టార్ అవసరమన్న వాదులు ఇక్కడితో లెక్క మూసేసి చప్పట్లు కొడతారు. కానీ అదే పురస్కారాన్ని రెండో వైపు నుంచి చూడండి. 2004 నుంచి 2025 దాకా 22 సీజన్లలో, ఆ ఏటి ఎంవీపీ ఆ ఏడే కప్పు ఎత్తింది ఎన్నిసార్లు? నాలుగు. 2012, 2013లో లెబ్రాన్ జేమ్స్, 2015లో స్టీఫెన్ కరీ, 2025లో షే గిల్జియస్-అలెగ్జాండర్. మిగతా 18 సార్లు ఆ ఏటి అత్యంత విలువైన మనిషి ఇంట్లో కూర్చుని ఫైనల్ చూశాడు, లేదా ఫైనల్లోనే ఓడాడు. మేటివాడు లేకుండా గెలవడం కష్టం, మేటివాడు ఉన్నంత మాత్రాన గెలవడం అంతకంటే కష్టం. ఈ రెండు అంకెలను కలిపి చదివితేనే అర్థం తెలుస్తుంది.

ఓడిన వీరుల కథలే ఇందుకు మంచి సాక్ష్యం. 1961-62లో విల్ట్ చాంబర్లేన్ సీజన్ సగటున మ్యాచ్‌కు 50.4 పాయింట్లు వేశాడు. ఆ అంకెను ఇప్పటిదాకా ఎవరూ తాకలేదు, ఇకముందూ తాకరని నా అనుమానం. ఆ ఏడు అతని ఫిలడెల్ఫియా వారియర్స్ ఏడో మ్యాచ్‌లో బిల్ రసెల్ ఉన్న బోస్టన్ చేతిలో ఓడింది. అయిదేళ్ళ తర్వాత, 1966-67లో, ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌కు ఆడుతూ అదే చాంబర్లేన్ సగటు 24.1కి దిగింది, అంటే సగం కంటే తక్కువకి. సహచరులకు ఇచ్చిన అసిస్టులు మాత్రం మ్యాచ్‌కు 7.8కి చేరాయి. ఆ ఏడు జట్టు 68 మ్యాచ్‌లు గెలిచి కప్పు కొట్టింది. మైకేల్ జోర్డాన్ సంగతీ అంతే. 1986-87లో సగటు 37.1 పాయింట్లు. అతని చికాగో జట్టు 40 గెలిచి 42 ఓడింది, తొలి రౌండులోనే బోస్టన్ చేతిలో మూడుకు మూడూ ఓడి వెళ్ళిపోయింది. 1991లో తొలి కప్పు వచ్చేనాటికి జోర్డాన్ పాయింట్ల సగటు తగ్గింది. పక్కన స్కాటీ పిపెన్ ఎదిగాడు, బంతిని అందరికీ తిప్పే పద్ధతిని కోచ్ ఫిల్ జాక్సన్ అమలులో పెట్టాడు. ఒకే మనిషి, అదే ప్రతిభ. మారింది అతని చుట్టూ ఉన్న ఏర్పాటు. ఒక్కడే మోసినప్పుడు ఎంత మోశాడో రికార్డు పుస్తకం చెబుతుంది. పుస్తకంలో అతి పెద్ద అంకెలు కప్పు రాని ఏళ్ళలోనే ఉండటం యాదృచ్ఛికం కాదు. నిస్సహాయంగా ఉన్న జట్టే మేటివాడి చేత అంత బరువు మోయిస్తుంది.

సూపర్‌స్టార్ అక్కర్లేదనేవాళ్ళు ఎప్పుడూ ఎత్తిచూపేది 2004 పిస్టన్స్‌ను. షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఉన్న లేకర్స్‌ను 4-1తో చిత్తుచేసిన జట్టు అది. ఆ ఏటి ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టులో పిస్టన్స్ వాడొక్కడూ లేడు. నిజమే. కానీ బెన్ వాలెస్ నాలుగుసార్లు లీగ్‌లో ఉత్తమ డిఫెండర్. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎంచుకోని మనిషి ఆ స్థాయికి చేరాడు. 2021లో అతనికి, 2024లో చాన్సీ బిలప్స్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. పాయింట్లు వేసేవాడే తార అన్న మన అలవాటు వల్ల ఆ జట్టు తారలు లేనిదిగా కనిపించింది. మరో ఉదాహరణగా 2014 శాన్ ఆంటోనియో స్పర్స్‌ను చూపుతారు. ఆ సీజన్‌లో జట్టులో ఎవరూ సగటున 30 నిమిషాలు కూడా ఆడలేదు. అయినా 62 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్లో లెబ్రాన్ మయామీని 4-1తో ఓడించారు. భారాన్ని పంచుకోవడంలో ఆ జట్టును మించినది నాకు తోచదు. కానీ అందులో టిమ్ డంకన్ ఉన్నాడు, రెండుసార్లు ఎంవీపీ. వయసు మీదపడ్డాక అతని భారం తగ్గించారు, అతన్ని తీసేయలేదు. మినహాయింపులని చెప్పేవి దగ్గరికెళ్ళి చూస్తే సగం మినహాయింపులే. మిగిలిన సగాన్ని మాత్రం ఒప్పుకోవాలి: దాడిలో మహావీరుడు లేకుండానే, అయిదుగురూ బాగా కాపుకాసి గెలవవచ్చు. 46 ఏళ్ళలో అది అయిదుసార్లకు మించలేదు, అంతే.

ఇప్పుడు మన గుమ్మంలోకి వద్దాం. ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ తమ సొంతగడ్డ మ్యాచ్‌లు విశాఖలో ఆడారు. ఇచ్ఛాపురం దాటితే మనకు అదే దగ్గరి పెద్ద నగరం. తొలి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి ఆ జట్టు ముఖచిత్రం. తర్వాత సిద్ధార్థ్ దేశాయిని 2019లో కోటీ 45 లక్షలకు కొన్నారు. 2022లో పవన్ సెహ్రావత్ రెండు కోట్ల పైచిలుకు ధరతో తమిళ్ తలైవాస్‌లోకి వెళ్ళి, తొలి మ్యాచ్‌లోనే గాయపడి సీజన్‌కు దూరమయ్యాడు. ఆ సీజన్లో టైటాన్స్ అట్టడుగున నిలిచారు.  2023 వేలంలో టైటాన్స్ అతన్నే 2 కోట్ల 60 లక్షలకు పైగా పోసి కొన్నారు. ఈసారి అతను ఆడాడు, బాగా ఆడాడు, కూతకు వెళ్ళి 202 పాయింట్లు తెచ్చాడు. జట్టు 22 మ్యాచ్‌లలో గెలిచింది రెండు. మళ్ళీ అట్టడుగే. అభిమానులు ఆటగాడిని తిట్టారు, కోచ్‌ను తిట్టారు, గ్రహాలను తిట్టారు. అలాంటి మనిషి ఒకడు బాస్కెట్‌బాల్ జట్టులో ఉండి అంత బాగా ఆడితే, 22లో రెండే గెలవడం దాదాపు అసాధ్యం. మరి చెడుగుడులో అది ఎలా సాధ్యమైంది?

చెడుగుడు నియమం చూడండి. కూతకు వెళ్ళి పట్టుబడినవాడు బయటికి పోతాడు. అక్కడినుంచి తానుగా లోపలికి రాలేడు. జట్టంతా ఆలౌట్ అయి ఏడుగురూ తిరిగి దిగితే తప్ప, తన జట్టు ఎదుటివాళ్ళలో ఒకరిని అవుట్ చేస్తేనే, ముందు బయటికి వెళ్ళినవాడు ముందు లేస్తాడు. బోనస్ పాయింటు వచ్చినా ఎవరూ లేవరు. అంటే రెండున్నర కోట్ల రైడర్ ఒక్కసారి పట్టుబడితే, అతని తర్వాతి కూతను సంపాదించిపెట్టేది అతను కాదు. గడిలో మిగిలిన రెండో రైడర్, లేదా పట్టు పట్టే డిఫెండర్. వాళ్ళు బలహీనులైతే ఆ వీరుడు గీత బయట కూర్చుని ఆట చూస్తాడు. పైగా జట్లు వంతులవారీగా కూతకు వెళతాయి. 40 నిమిషాల్లో, గరిష్ఠంగా 30 సెకన్ల కూతలతో, ఒక్కో జట్టుకు దక్కేవి నలభై అటూఇటూ. ఎదుటిజట్టు కూతకు వచ్చినప్పుడు మన రైడర్ ఏడుగురిలో ఒకడు మాత్రమే. సాధారణంగా పట్టులో మేటి కూడా కాడు. జోర్డాన్ తన నిమిషాలకు తానే యజమాని. పవన్ నిమిషాలకు యజమానులు అతని జట్టులో పట్టు పట్టే కవర్లు, కార్నర్లు. నా వాదనకు ఇదే గుండెకాయ: సూపర్‌స్టార్ ఆటలో ఉండే సమయం అతని చేతిలోనే ఉందా, సహచరుల చేతిలో ఉందా అన్నది తేలితే, అతనికి పెట్టిన డబ్బు కప్పుగా మారుతుందో లేదో చాలావరకు చెప్పవచ్చు.

ఇది నిజమైతే దానికి ఎదురు రుజువులు కూడా దొరకాలి. దొరుకుతాయి. పర్దీప్ నర్వాల్ పట్నా పైరేట్స్‌కు ఆడుతూ మూడో, నాలుగో, అయిదో సీజన్లలో వరుసగా కప్పులు గెలిచాడు. అయిదో సీజన్‌లో అతని రైడ్ పాయింట్లు 369. 2021 వేలంలో పట్నా అతన్ని వదులుకుంది, యూపీ యోధ కోటీ 65 లక్షలకు కొనుక్కుంది. ఆ సీజన్ సెమీఫైనల్లో యూపీని 38-27తో ఓడించింది ఎవరనుకున్నారు? పర్దీప్ లేని పట్నానే. ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్‌లూయి 89 ట్యాకిల్ పాయింట్లతో ఆ జట్టుకు కోటగోడ అయ్యాడు. ఫైనల్లో ఢిల్లీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 36-37తో ఓడారు. 2023-24లో టైటాన్స్ అట్టడుగున ఉన్నప్పుడు కప్పు ఎత్తింది పుణేరి పల్టన్. వాళ్ళు వేలంలో 2 కోట్ల 35 లక్షలు పోసింది రైడర్ మీద కాదు, ఇదే షాద్‌లూయి మీద. అతను ఆ సీజన్‌లో 99 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు. ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. హర్యానా స్టీలర్స్ మీద 28-25. రైడ్ పాయింట్లలో ఆ సీజన్ మొదటి అయిదుగురిలో పుణె వాడొక్కడూ లేడు. డిఫెండర్ బయటికి పోయినా రైడర్ బయటికి పోయినా నియమం ఒక్కటే, కానీ పట్టు దొరికిన ప్రతిసారీ డిఫెండర్ బయట ఉన్న సహచరుడిని లేపుతాడు. కాబట్టి తారకు ఖర్చు పెట్టదలిస్తే ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ లెక్క చెబుతోంది.

అభ్యంతరం వెంటనే వస్తుంది: మరి పర్దీప్ మూడు కప్పులు? 2019 జనవరిలో ఇదే పవన్ బెంగళూరు బుల్స్‌కు ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి, గుజరాత్‌ను 38-33తో ఓడించలేదా? ఓడించాడు. రైడర్ కప్పు గెలిపించలేడని నేను అనడం లేదు, అతన్ని తిరిగి లోపలికి పంపే ఏర్పాటు ఉన్న చోటే గెలిపించగలడంటున్నాను. పర్దీప్ పక్కన పట్నాలో మోను గోయత్ ఉన్నాడు. ఒకడు బయట ఉంటే రెండోవాడు తెచ్చేవాడు. మరుసటి సీజన్లో, 2019లోనే, పవన్ 346 రైడ్ పాయింట్లు తెచ్చినా కప్పు బెంగాల్ వారియర్స్‌కు పోయింది. ఒకే మనిషి ఇంకా బాగా ఆడి ఓడిపోవడం చాంబర్లేన్ కథకు దగ్గర చుట్టమే. ఇక 2024లో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన సీజన్లో టైటాన్స్ 22లో 12 గెలిచారు. 2025లో అతను జట్టులో లేడు. విజయ్ మలిక్ కెప్టెన్సీలో, భరత్ హుడా లాంటివాళ్ళు రెండు చివరలా ఆడగా, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణె చేతిలో ఆగారు. ఒకటి రెండు సీజన్లు చూసి సిద్ధాంతం కట్టేయడం తొందరపాటే. ఏడాదికి ఇరవై అటూఇటూ మ్యాచ్‌లలో అదృష్టానికి చాలా చోటుంది. అయినా ఈ సాక్ష్యం నా వైపుకే మొగ్గుతోంది.

మరో అభ్యంతరం శాస్త్రవేత్తల నుంచే వచ్చింది. ఒక తార ఉంటే మంచిదైతే, అయిదుగురుంటే ఇంకా మంచిదా? 2014లో రోడెరిక్ స్వాబ్, సహచరులు ఎన్‌బీఏ, ఫుట్‌బాల్ లెక్కలు చూసి, తారల పాలు ఒక హద్దు దాటాక జట్టు ఫలితం తగ్గుతుందనీ, బేస్‌బాల్‌లో మాత్రం అలా జరగదనీ తేల్చారు. ఒకే బంతి కోసం అందరూ ఎగబడే ఆటల్లోనే ఈ జబ్బు అని వివరణ. వినడానికి కమ్మగా ఉంది. అత్తాకోడళ్ళ సామెతల్లా మనసుకు ఇట్టే పట్టేస్తుంది. కానీ 2021లో మరో బృందం బాస్కెట్‌బాల్ లెక్కలను మళ్ళీ పరిశీలించి, ఆ తగ్గుదల కనిపించడం లేదని చెప్పింది. తారలు పెరిగేకొద్దీ లాభం నెమ్మదిస్తుంది, అంతేగానీ నష్టంగా మారదట. ఈ రెండోది నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తోంది. మొదటి తార మూడో వంతు బంతులు తీసుకున్నాక రెండో తారకు మిగిలేది తక్కువ, నాలుగోవాడికి ఇంకా తక్కువ. అందుకు అసూయల కథలు అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు. 2004 లేకర్స్ ఓటమిని మలోన్ మోకాలి గాయం కంటే అహంకారాలతో వివరించడం మనకు ఎక్కువ ఇష్టం, అంతే తేడా.

అసలు తార బయట బెంచీ మీద కూర్చున్న కోచ్ అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు మన హైదరాబాదే పెద్ద ఆధారం. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1963లో ఆయన పోయాక ఆ స్వర్ణం మళ్ళీ మన ఫుట్‌బాల్‌కు రాలేదు. ఫుట్‌బాల్ పల్లకీ లాంటి ఆట అని ముందు చెప్పుకున్నాం. అందరి అడుగు కలిపేవాడికి అక్కడ విలువ ఎక్కువ కావడం ఆశ్చర్యం కాదు. అయినా రహీం దగ్గర చునీ గోస్వామి, పీకే బెనర్జీ, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం లేరనుకుంటే ఆ పద్ధతి ఏమయ్యేదో చెప్పడానికి మనకు ప్రయోగశాల లేదు. ఫిల్ జాక్సన్‌కూ జోర్డాన్ లేకుండా పరీక్ష జరిగింది. 1993-94లో జోర్డాన్ ఆట మానేసిన ఏడు చికాగో 55 మ్యాచ్‌లు గెలిచింది. కప్పు దాకా రాలేదు. కోచ్ పద్ధతి జట్టును ఎంత ఎత్తుకు తీసుకెళుతుందో, పై మెట్టుకు ఏం కావాలో రెండూ ఆ ఒక్క సీజన్‌లో కనిపిస్తాయి.

గాహకుడి మెలిక దగ్గరికి ఇప్పుడు రావచ్చు. జోర్డాన్ ఆరు కప్పుల్లో రెండింటి ఆఖరి ఘట్టం చూడండి. 1993 ఫైనల్స్ ఆరో మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో చికాగో వేసినవి మొత్తం 12 పాయింట్లు, అందులో తొమ్మిది జోర్డాన్‌వే. చివరి మూడు మాత్రం జాన్ పాక్సన్‌వి. 3.9 సెకన్లు మిగిలి ఉండగా అందరి కళ్ళూ జోర్డాన్ మీదే ఉన్నప్పుడు, బంతి పిపెన్‌కు, అతని నుంచి హొరేస్ గ్రాంట్‌కు, అక్కడినుంచి ఒంటరిగా నిలబడిన పాక్సన్‌కు చేరింది. 99-98. 1997లో యూటా మీద మళ్ళీ ఆరో మ్యాచ్, స్కోరు 86-86. జోర్డాన్ ఆ రోజు 39 పాయింట్లు వేశాడు. ఆఖరి బంతీ అతనికే వెళుతుందని హాల్లో చివరి వరసవాడికి కూడా తెలుసు. జాన్ స్టాక్టన్ తాను కాయాల్సిన స్టీవ్ కెర్‌ను వదిలేసి జోర్డాన్ మీదికి వెళ్ళాడు. జోర్డాన్ బంతిని కెర్‌కు అందించాడు, కెర్ వేశాడు. స్కోరు కాగితం మీద ఆ రెండు పాయింట్లు కెర్ పేరునే ఉన్నాయి. కెర్ చుట్టూ ఏర్పడిన ఖాళీ ఎవరి సంపాదనో ఆ కాగితంలో గడి లేదు. బాస్కెట్‌బాల్‌లో మేటివాడి చుట్టూ ఇద్దరు మూగితే మూడోవాడికి దారి తెరుచుకుంటుంది, బంతి ఆ దారిన పోతుంది. చెడుగుడులో కూత పెట్టి గీత దాటినవాడి చుట్టూ ఏడుగురు మూగినా అందించడానికి అతని చేతిలో బంతి లేదు, అందుకోవడానికి అవతలి గడిలో అతనివాడు ఒక్కడూ లేడు.